పెళ్లి ఫొటోలన్నీ ఒకే చోట: పాత సిస్టంని స్టూడియో సర్వర్‌గా మార్చుకోవడం ఎలా

కావలిలో మాది ఫొటో స్టూడియో. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే ఒకే రోజు మూడు చోట్ల మా కెమెరాలు తిరుగుతుంటాయి. ఒకటి ఊళ్లో కల్యాణ మండపంలో, ఒకటి జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో, ఇంకోటి ఉలవపాడు పక్క పల్లెలో. అర్ధరాత్రి దాటాక కుర్రాళ్లు వచ్చి కార్డులు టేబుల్ మీద పెట్టి పోతారు. వాటిని ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి దించి, ఆ డిస్కునే ఆల్బమ్ డిజైనర్‌కి, అక్కణ్నుంచి వీడియో ఎడిటర్‌కి చేతులు మార్చేవాళ్లం. చాలా స్టూడియోల్లో ఇప్పటికీ ఇదే పద్ధతి.

నాలుగేళ్ల కిందట డిజైనర్ సిస్టంలోకి ఫొటోలు కాపీ అవుతుండగా వైరు కాలికి తగిలి ఆ డిస్కు కింద పడింది. కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసేశాం, తెల్లారితే ఇంకో పెళ్లి ఉందని. డిస్కుని రికవరీకి పంపిస్తే జీలకర్ర బెల్లం దాకా వచ్చాయి, తలంబ్రాలు రాలేదు. పెళ్లికూతురి నాన్న స్టూడియోకి వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. "మళ్లీ ఎట్టా తీస్తావబ్బయ్యా" అని మాత్రం అడిగి వెళ్లిపోయాడు. ఆ ఏడు ఆషాఢంలో, మూలన పడున్న పాత సిస్టం బయటికి తీసి సర్వర్ చేశాను. అప్పట్నుంచి మా దగ్గర ఒక్క పెళ్లి పోలేదు.

మీరూ చేసుకోవచ్చు. లినక్స్ తెలియక్కర్లేదు, కమాండ్లు కొట్టక్కర్లేదు. స్టూడియోనే కానక్కర్లేదు, ప్రింటింగ్ ప్రెస్సుకైనా ఆడిటర్ ఆఫీసుకైనా పని ఇదే. కాకపోతే సీజన్ నడుస్తుండగా మొదలుపెట్టొద్దు. ఆషాఢమో మూఢమో చూసుకుని, రెండు రోజులు తీరిగ్గా కూర్చోండి.

ముందు సామాను

అటక మీద పాత డెస్క్‌టాప్ ఉంటే చాలు. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే ఫైళ్లు పంచడానికి అంతకంటే అక్కర్లేదు. మాది నాలుగో తరం ఐ3. సీపీయూ పక్క రేకు విప్పి బ్లోయర్‌తో బాగా దుమ్ము కొట్టండి. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసుకి ఇలాంటిదే పెట్టాల్సి వచ్చింది, పలకల ఫొటోలు అన్ని సిస్టమ్స్‌లో కనపడాలని. అక్కడ రేకు విప్పితే ప్రాసెసర్ మీద హీట్ సింక్ రెక్కల మధ్య బూడిద రంగు పొడి, తడిసి ఆరిన సిమెంటులా గట్టిపడిపోయి ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. పళ్లు తోముకునే పాత బ్రష్షుతో అరగంట గీకితే గానీ రాలేదు. రోజంతా ఆగకుండా నడవాల్సిన మిషన్ కాబట్టి ఈ పని దాటవేయొద్దు.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీని కూడా ఇప్పుడే మార్చేయండి. పాత సిస్టమ్స్‌లో అది అయిపోయి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది, బయోస్‌లో (సిస్టం ఆన్ కాగానే ముందు నడిచే సెట్టింగుల చోటు) పెట్టుకున్నవన్నీ చెరిగిపోతాయి.

కొనాల్సినవి కొన్ని ఉన్నాయి. సర్వర్ సాఫ్ట్‌వేర్ కోసం 120 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి. ఫొటోలకి ఒకే సైజు హార్డ్ డిస్కులు రెండు. మేం 4 టీబీవి తీసుకున్నాం. కొట్లో అడిగేటప్పుడు సీఎంఆర్ రకమా ఎస్‌ఎంఆర్ రకమా అని అడగండి. ఎస్‌ఎంఆర్‌లో ఒక ట్రాక్ మీదికి ఇంకో ట్రాక్ కొంచెం ఎక్కి ఉంటుంది, అందుకే గంటల తరబడి ఆపకుండా రాస్తే వేగం పడిపోతుంది. మనం చేసేదే అది కాబట్టి సీఎంఆర్ తీసుకోండి. తర్వాత సిస్టమ్స్ అన్నిటినీ వైర్లతో కలిపే గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్ ఒకటి, క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ కేబుళ్లు, ఒక యూపీఎస్. యూపీఎస్ గురించి కింద విడిగా చెబుతాను, అది మన నెల్లూరు జిల్లాలో అన్నిటికన్నా ముఖ్యం.

కరెంటు బిల్లు సంగతి చాలామంది అడుగుతారు. ఇలాంటి డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు 40 నుంచి 50 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకి సుమారు ఒక యూనిట్.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం

మేం వాడేది ఓపెన్‌మీడియావాల్ట్. జర్మనీకి చెందిన వోల్కర్ థైలే మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్, డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది. పనంతా బ్రౌజర్‌లో మెనూల మీద క్లిక్ చేసి చేసుకోవచ్చు. నేను చెప్పే మెనూ పేర్లు 7వ వెర్షన్‌వి.

ఇంకో సిస్టంలో దాని ఐఎస్‌ఓ ఫైలు డౌన్‌లోడ్ చేసి, రూఫస్‌తో గానీ బలేనా ఎచర్‌తో గానీ పెన్ డ్రైవ్‌లోకి రాయండి. ఊరికే కాపీ చేస్తే పని చెయ్యదు.

ఇప్పుడు ఒక జాగ్రత్త. ఇన్‌స్టాల్ చేసే ముందు రెండు పెద్ద డిస్కుల కేబుళ్లూ పీకేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచండి. ఇన్‌స్టాలర్ తను ఎంచుకున్న డిస్కుని పూర్తిగా తుడిచేస్తుంది. అప్పుడు వేరే డిస్కేదీ తగిలించి లేకపోతే పొరపాటు జరిగే వీలే ఉండదు. ఎస్‌ఎస్‌డీ మొత్తం సాఫ్ట్‌వేర్‌కే పోతుంది, అందులో ఫొటోలు పెట్టుకోవడానికి కుదరదు. విడిగా చిన్నది కొనమన్నది అందుకే.

పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ అన్నది ఎంచుకుని, అడిగినవి చెప్పుకుంటూ పోండి. భాష ఇంగ్లిష్, దేశం ఇండియా, హోస్ట్‌నేమ్‌కి చిన్న పేరేదైనా. రూట్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు పెట్టింది నోటుపుస్తకంలో రాసుకోండి. అయిపోయాక పెన్ డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద లాగిన్ అడుగుతుంది, దానిపైనే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఈ సర్వర్ నంబరు) కూడా చూపిస్తుంది. అది రాసుకుని, సిస్టం షట్‌డౌన్ చేసి, రెండు డిస్కుల కేబుళ్లూ మళ్లీ పెట్టి ఆన్ చెయ్యండి.

ఆన్ చేసే దారిలో బయోస్‌లోకి వెళ్లి ఒక సెట్టింగ్ చూడండి. కరెంటు పోయి వచ్చాక సిస్టం ఏం చెయ్యాలి అన్న వరస పవర్ మేనేజ్‌మెంట్ కింద ఉంటుంది. దాన్ని పవర్ ఆన్‌కి మార్చండి. ఇక కరెంటు వస్తే సర్వర్ దానంతటదే లేస్తుంది. ఈ దశ దాటాక మానిటర్, కీబోర్డు తీసేయొచ్చు.

అడ్రస్ మారకుండా కట్టెయ్యడం

రౌటర్ ఇచ్చే ఐపీ అడ్రస్ ఎప్పుడైనా మారొచ్చు. మారిన రోజు ఎడిటర్లు "అన్నా, జెడ్ డ్రైవ్ కనపడటం లేదన్నా" అని ఫోన్ చేస్తారు (వాళ్ల సిస్టంలో సర్వర్ ఫోల్డర్ కనపడేది ఆ పేరుతోనే), మీరేమో ముహూర్తం టైముకి స్టేజీ మీద ఉంటారు. కాబట్టి మొదటి రోజే రౌటర్ పేజీలోకి వెళ్లి, అడ్రస్ రిజర్వేషన్ అన్న చోట సర్వర్ మ్యాక్ అడ్రస్‌కి (దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) ఒక ఐపీ నంబరు ఖాయం చేసేయండి. మాది 192.168.1.50. సర్వర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేస్తే కొత్త నంబరు తీసుకుంటుంది. కింద ఉదాహరణలన్నీ ఆ నంబరుతోనే చెబుతాను, మీ రౌటర్ 192.168.0 తో మొదలయ్యే నంబర్లు ఇస్తుంటే దానికి తగ్గట్టు మార్చుకోండి.

ఇక మీ సిస్టంలో బ్రౌజర్ తెరిచి ఆ నంబరు కొట్టండి. యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ ఓపెన్‌మీడియావాల్ట్. రెండూ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. లోపలికి వెళ్లగానే కుడివైపు పైన మనిషి బొమ్మ మీద నొక్కి పాస్‌వర్డ్ మార్చెయ్యండి. ఈ పాస్‌వర్డ్ ప్రపంచంలో అందరికీ తెలుసు, మీ వైఫై వాడే కస్టమర్లకి కూడా. తర్వాత సిస్టం మెనూలో తేదీ, సమయం దగ్గర ఆసియా కోల్‌కతా ఎంచుకోండి, లేకపోతే రాత్రి రెండింటికి జరగాల్సిన బ్యాకప్ మరో టైములో జరుగుతుంది.

మొదటిసారి వాడేవాళ్లు తప్పకుండా తడబడేది ఒకటి ఇక్కడే చెప్పాలి. ఏ మార్పు చేసి సేవ్ కొట్టినా అది వెంటనే అమల్లోకి రాదు. పేజీ పైన పసుపు రంగు పట్టీ వస్తుంది, అందులో టిక్ గుర్తు నొక్కితేనే అమలవుతుంది. యూజర్‌ని చేశాను, షేర్ చేశాను, అయినా కనపడటం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఆ పట్టీ గురించే.

డిస్కులు

స్టోరేజ్ మెనూలో డిస్క్స్ తెరిస్తే మూడూ కనపడతాయి. కొత్తవైతే ఒక్కోటీ ఎంచుకుని వైప్ చెయ్యండి. పాత ఫొటోలున్న డిస్కుని మాత్రం ఇక్కడికి తేవొద్దు. దాన్ని విండోస్ సిస్టంకే తగిలించి ఉంచి, సర్వర్ తయారయ్యాక నెట్‌వర్క్ మీదుగా కాపీ చేసుకోవచ్చు.

తర్వాత ఫైల్ సిస్టమ్స్‌లో క్రియేట్ నొక్కి, ఈఎక్స్‌టీ4 రకం ఎంచుకుని, మొదటి డిస్కు చూపించండి. అయ్యాక మౌంట్ చెయ్యమంటుంది, చెయ్యండి. రెండో డిస్కుకీ ఇదే. 4 టీబీ డిస్కు 3.6 అని కనిపిస్తే మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తే కంప్యూటర్ 1024తో లెక్కేస్తుంది.

అదే స్టోరేజ్ మెనూలో డిస్కు ఆరోగ్యాన్ని కనిపెట్టే స్మార్ట్ అన్నది ఆన్ చేసి, రెండు డిస్కులకీ మానిటరింగ్ పెట్టండి. నెలకోసారి వచ్చి అందులో 5, 197 నంబర్ల వరసలు చూడండి. మొదటిది పాడైపోయి పక్కన పెట్టేసిన సెక్టార్లు (డిస్కులో డేటా రాసే చిన్న గడులు), రెండోది చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు. రెండూ సున్నా ఉండాలి. నెల నెలా పెరుగుతున్నాయంటే డిస్కు మీకు ముందే చెబుతోందన్నమాట, చచ్చేదాకా ఆగకుండా మార్చేయండి.

రెండు డిస్కులున్నాయి కదా, రెండిట్లోనూ ఒకేసారి రాసే రెయిడ్ మిర్రర్ చేస్తే పోలేదా అని తెలిసినవాళ్లు అంటారు. స్టూడియోకి నేను వద్దంటాను. మిర్రర్‌లో ఒక డిస్కు చచ్చిపోతే రెండోది కాపాడుతుంది, నిజమే. కానీ మా అనుభవంలో డిస్కులు చావడం కంటే మనుషులు ఫోల్డర్ డిలీట్ చెయ్యడం ఎక్కువ. మిర్రర్‌లో డిలీట్ చేసిన క్షణంలోనే రెండో డిస్కులోనూ పోతుంది. అదే రాత్రిపూట ఒకసారి కాపీ అయ్యేలా పెడితే, పగలు చేసిన తప్పుని సరిదిద్దుకోవడానికి నిన్నటి ప్రతి చేతిలో ఉంటుంది.

ఎవరు చూడొచ్చు, ఎవరు చెరపొచ్చు

మొత్తం పనిలో మీరు ఎక్కువసేపు ఆలోచించాల్సింది ఈ భాగం గురించే. ఇన్‌స్టాల్ ఎవరైనా చేస్తారు. ఎవరి చేతికి ఏ తాళం ఇవ్వాలో మీ స్టూడియో మీకే తెలుసు.

మేం మొదటి డిస్కులో మూడు షేర్డ్ ఫోల్డర్లు పెట్టుకున్నాం. స్టోరేజ్ మెనూలో షేర్డ్ ఫోల్డర్స్‌లోకి వెళ్లి క్రియేట్ నొక్కి, పేరు ఇచ్చి, మొదటి డిస్కు ఎంచుకుంటే అయిపోతుంది. పేర్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఇవ్వండి. మొదటిది రా: కార్డుల్లోంచి దించిన ఫైళ్లు ఉన్నవున్నట్టుగా. రెండోది వర్క్: ఆల్బమ్ షీట్లు, టీజర్, హైలైట్స్, నడుస్తున్న పనంతా. మూడోది డెలివరీ: ల్యాబ్‌కి పంపాల్సినవి, పార్టీకి ఇవ్వాల్సినవి.

తర్వాత యూజర్స్ మెనూలో మనిషికొక యూజర్ చెయ్యండి. అందరికీ కలిపి ఒకటే యూజర్, ఒకటే పాస్‌వర్డ్ పెడదామనిపిస్తుంది. అలా చేస్తే ఎవరు ఏం చేశారో ఎప్పటికీ తెలియదు, ఎవరైనా పని మానేసి వెళ్లిపోతే అందరి పాస్‌వర్డూ మార్చాలి.

ఇప్పుడు షేర్డ్ ఫోల్డర్స్‌కి తిరిగొచ్చి రా ఫోల్డర్ ఎంచుకుని పర్మిషన్స్ నొక్కండి. ప్రతి యూజర్ ఎదురుగా మూడు గడులుంటాయి: చదవడం రాయడం రెండూ, చదవడం మాత్రమే, అసలు ప్రవేశం లేకపోవడం. మా స్టూడియోలో రా ఫోల్డర్‌లో రాయగలిగేది నేనూ మా తమ్ముడూ మాత్రమే. ఎడిటర్లందరికీ చదవడం మాత్రమే. వాళ్లు ఫొటో తెరవొచ్చు, తమ వర్క్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవచ్చు, కానీ నిద్రమత్తులో డిలీట్ కొట్టినా రా ఫైలు చావదు. వర్క్ ఫోల్డర్‌కి ఎడిటర్లందరికీ రెండూ. డెలివరీ ఫోల్డర్‌కి కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి చదవడం మాత్రమే. పార్టీ వచ్చినప్పుడు తెరిచి చూపిస్తుంది.

ఇలా పెట్టినప్పుడు మా డిజైనర్ కొంచెం నొచ్చుకున్నాడు. "నా మీద నమ్మకం లేదా అన్నా" అన్నాడు. నమ్మకం లేక కాదు, రాత్రి రెండింటికి నా చెయ్యే నా మాట వినదని చెప్పాను. ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రాడికి ఈ సంగతి అతనే వివరిస్తాడు.

అదే పేజీలో పక్కనే ఏసీఎల్ అని ఇంకో బటన్ ఉంటుంది. దాని జోలికి పోవద్దు. పర్మిషన్స్ చాలు. రెండూ కలిపి కెలికితే ఎక్కడ ఏది అడ్డుపడుతోందో పట్టుకోవడానికి ఒక రోజు పోతుంది.

షేర్ ఆన్ చెయ్యడం

సర్వీసెస్ మెనూలో ఎస్‌ఎంబీ/సీఐఎఫ్‌ఎస్ ఉంటుంది. విండోస్ సిస్టమ్స్ ఫైళ్లు పంచుకోవడానికి మాట్లాడుకునే భాష ఎస్‌ఎంబీ. లినక్స్‌కి ఆ భాష నేర్పించిన సాఫ్ట్‌వేర్ సాంబా, ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల మొదట్లో రాశాడు. ఎస్, ఎం, బీ మూడక్షరాలూ వరసగా వచ్చే మాట కోసం కంప్యూటర్ డిక్షనరీలో వెతికితే దొరికిన పేరట అది. మన ఓపెన్‌మీడియావాల్ట్ లోపల పని చేసేది కూడా అదే.

ముందు సెట్టింగ్స్‌లో ఎనేబుల్డ్ టిక్ పెట్టండి. కనీస ప్రోటోకాల్ ఎస్‌ఎంబీ2 అని ఉంటుంది, కిందికి దించొద్దు. పాత ఎస్‌ఎంబీ1లో ఉన్న లోపం పట్టుకునే 2017 మేలో వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా ఫైళ్లకి తాళాలేసింది.

తర్వాత షేర్స్‌లోకి వెళ్లి మూడు ఫోల్డర్లనీ ఒక్కొక్కటిగా కలపండి. పబ్లిక్ అన్న చోట నో ఉంచండి. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరిచేలా పెడితే సులువు కదా అనుకోవద్దు. కొత్త విండోస్ 11 ప్రో గెస్ట్ షేర్లని అసలు తెరవనే తెరవదు. ఇక్కడే కింద రీసైకిల్ బిన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసి 30 రోజులు ఉంచమని పెట్టండి. నెట్‌వర్క్ డ్రైవ్‌లో డిలీట్ చేసింది విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. ఇది ఆన్ చేస్తే సర్వర్‌లోనే దాచిన ఫోల్డర్ ఒకదాంట్లో 30 రోజులు భద్రంగా ఉంటుంది. పసుపు పట్టీలో టిక్ నొక్కండి.

ఎడిటింగ్ సిస్టమ్స్‌లో తగిలించడం

విండోస్‌లో దిస్ పీసీ తెరిచి, పైన మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ నొక్కి, అక్షరం జెడ్ ఎంచుకోండి. ఫోల్డర్ గడిలో రెండు వెనక్కి వాలిన గీతలు, 192.168.1.50, ఇంకో వెనక్కి వాలిన గీత, ఫోల్డర్ పేరు రాయండి. కింద రెండు టిక్‌లూ పెట్టండి: సైన్ ఇన్ అయినప్పుడల్లా మళ్లీ తగిలించమని ఒకటి, వేరే యూజర్ పేరుతో తగిలించమని ఇంకోటి. సర్వర్‌లో చేసిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి, గుర్తుపెట్టుకోమని చెప్పండి.

ఇక్కడ ఒక చిక్కు తరచూ వస్తుంది. మీ పేరుతో ఒకసారి తగిలించి చూసి, తర్వాత అదే సిస్టంలో ఎడిటర్ పేరుతో తగిలించబోతే విండోస్ ఒప్పుకోదు, ఒకే సర్వర్‌కి రెండు పేర్లతో కుదరదని గొడవ చేస్తుంది. సర్వర్‌లో తప్పేం లేదు. పాత డ్రైవ్ డిస్‌కనెక్ట్ చేసి, కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి అక్కడ దాచిన పాత పేరు తీసేసి, సైన్ ఔట్ అయి మళ్లీ రండి.

ఆపిల్ మ్యాక్ ఉంటే ఫైండర్‌లో గో మెనూ కింద కనెక్ట్ టు సర్వర్. పార్టీకి టీవీలో హైలైట్స్ చూపించాలంటే టీవీలో వీఎల్‌సీ వేసుకుని లోకల్ నెట్‌వర్క్‌లో చూడండి.

లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లకి ఒక మాట. కేటలాగ్ ఫైలుని నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెడితే అది తెరవదు. కేటలాగ్ ఎడిటర్ సిస్టంలోనే ఉంచి, ఫొటోలు మాత్రం సర్వర్‌లోంచి తీసుకోండి. మార్పులన్నీ కేటలాగ్‌లోనే ఉంటాయి కాబట్టి రా ఫోల్డర్‌లో రాసే హక్కు లేకపోయినా పని ఆగదు.

వేగం రాకపోతే

ఒక పెద్ద వీడియో ఫైలు సర్వర్‌లోకి కాపీ చేసి వేగం చూడండి. సెకనుకి 100 నుంచి 115 ఎంబీ వస్తే గిగాబిట్ పూర్తిగా అందుతున్నట్టు. 11 ఎంబీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే మాత్రం ఎక్కడో లైను 100 మెగాబిట్‌కి పడిపోయింది. తేడా చిన్నదేం కాదు: 200 జీబీ పెళ్లి ఒకటి గిగాబిట్‌లో అరగంటకి దిగుతుంది, 100 మెగాబిట్‌లో ఐదు గంటలు పడుతుంది.

కారణం సాధారణంగా రెండిట్లో ఒకటి. మొదటిది ఇంటర్నెట్ వాళ్లిచ్చిన ఫైబర్ డబ్బా. చాలా డబ్బాల్లో ఒకటే పోర్టు గిగాబిట్, మిగతావి 100. అందుకే గిగాబిట్ స్విచ్ విడిగా కొనమన్నాను. సర్వర్, ఎడిటింగ్ సిస్టమ్స్ అన్నీ స్విచ్‌కి, స్విచ్ నుంచి ఒక్క వైరు డబ్బాకి. అప్పుడు ఫొటోలు డబ్బాలోంచి పోనే పోవు. రెండోది కేబుల్ చివర క్లిప్పు. వైరులో నాలుగు జతలుంటాయి. 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. క్రింపింగ్‌లో ఒక్క పోగు సరిగ్గా అంటకపోయినా లైను చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. మాకు ఒకసారి నీలం జతలో పోగు క్లిప్పులోని పిన్ను దాకా పోలేదు. బూతద్దం పెట్టి చూస్తే గానీ కనపడలేదు. చివర కత్తిరించి కొత్త క్లిప్పు కొట్టించాక సరిపోయింది.

వైఫై మీద ఎడిటింగ్ వద్దు. కాపీ మధ్యలో సిగ్నల్ తగ్గితే ఫైలు సగంలో నిలిచిపోతుంది.

రాత్రి కాపీ

రెండో డిస్కులో బ్యాకప్ పేరుతో ఇంకో షేర్డ్ ఫోల్డర్ చెయ్యండి. దీన్ని ఎస్‌ఎంబీలో కలపొద్దు. ఏ విండోస్ సిస్టం నుంచీ కనపడకూడదు. ఒక ఎడిటర్ సిస్టంలోకి వైరస్ వచ్చి జెడ్ డ్రైవ్ మొత్తానికి తాళం వేసినా ఈ ఫోల్డర్‌ని నేరుగా ముట్టుకోలేదు.

సర్వీసెస్‌లో ఆర్‌సింక్ (ఫోల్డర్లని కాపీ చేసిపెట్టేది), అందులో టాస్క్స్. రకం లోకల్, ఎక్కణ్నుంచి అన్న చోట రా, ఎక్కడికి అన్న చోట బ్యాకప్, టైము రాత్రి రెండు. డిలీట్ అన్న ఆప్షన్‌కి టిక్ పెట్టొద్దు. అది పెడితే మొదటి డిస్కులో పోయింది రెండో దాంట్లోనూ పోతుంది, ఇంత కష్టపడి ప్రయోజనం ఉండదు. వర్క్ ఫోల్డర్‌కి ఇంకో టాస్క్, బ్యాకప్ కింద వేరే ఫోల్డర్‌లోకి. మొదటిసారి మీరే రన్ నొక్కి, ఎదురుగా కూర్చుని చూడండి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మొదటి డిస్కులో ఫైలు పాడై, మీరు రెండు రోజులు గమనించకపోతే, పాడైన ఫైలే రెండో డిస్కులోకి వెళ్తుంది. అందుకే మూడో ప్రతి కావాలి, అదీ ఇంకో కప్పు కింద. మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, ఒకటి బయట అన్న సూత్రాన్ని జనంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫరే, మన వృత్తివాడే. మా మూడో ప్రతి ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒంగోలులో మా అక్క వాళ్లింట్లో బీరువాలో ఉంటుంది. నెలకొకసారి వెళ్లినప్పుడు మారుస్తాను, ఒకటి ఇస్తాను ఒకటి తెస్తాను.

కరెంటు, వాన, పిడుగు

మన జిల్లా సముద్రం ఒడ్డున ఉంది. 2015 నవంబరులో నెల్లూరు మునిగింది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కిందున్న కట్టే కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను. సర్వర్‌ని నేల మీద పెట్టొద్దు అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి. గోడకి షెల్ఫ్ కొట్టించి నడుము ఎత్తున పెట్టండి, ఏసీ నీళ్లు కారే చోటు కిందా కిటికీ పక్కనా కాకుండా.

యూపీఎస్ లేకుండా సర్వర్ నడపొద్దు. ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. మామూలు ఇన్వర్టర్ లైన్ మారేటప్పుడు ఒక రెప్పపాటు తీసుకుంటుంది, ఆ రెప్పపాటులోనే కొన్ని సిస్టమ్స్ రీస్టార్ట్ అయిపోతాయి. ఫైలు రాస్తుండగా అలా అయితే ఆ ఫైలు పోయినట్టే. స్విచ్‌ని కూడా యూపీఎస్‌కే పెట్టండి. యూఎస్‌బీ పోర్టున్న యూపీఎస్ దొరికితే కొంచెం ఎక్కువైనా అదే కొనండి. ఓపెన్‌మీడియావాల్ట్‌లో ప్లగిన్స్‌లోకి వెళ్లి నట్ అన్నది వేసుకుంటే, బ్యాటరీ అయిపోవస్తోందని యూపీఎస్ చెప్పగానే సర్వర్ తనంతట తనే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. పెట్టాక ఒకసారి గోడ స్విచ్ ఆపేసి, అనుకున్నట్టు ఆరిపోతోందా లేదా కళ్లారా చూడండి.

తుఫాన్ల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఉరుములు మొదలైతే ఫైబర్ డబ్బా నుంచి స్విచ్‌కి వచ్చే వైరు పీకెయ్యండి. స్టూడియో లోపల పని ఆగదు, బయటి నుంచి వచ్చే దారి ఒకటి మూసినట్టవుతుంది. కరెంటు పాయింటుకి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.

బయటి ఊరి నుంచి ఫైళ్లు తెరవాలని రౌటర్‌లో ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టు తెరిచి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. తప్పదనుకుంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్‌లో తాళం వేసిన సొంత దారి) మీదుగానే.

కార్డు ఎప్పుడు ఫార్మాట్ చెయ్యాలి

ఇప్పుడు మా దగ్గర నడిచే వరస ఇది. కార్డు రాగానే రా ఫోల్డర్‌లో తేదీ, ఊరు, పెళ్లివారి ఇంటిపేరుతో ఫోల్డర్ చేసి, కెమెరాకొక ఉపఫోల్డర్‌లో దించుతాం. అయ్యాక కార్డు మీదా, ఫోల్డర్ మీదా కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజు రెండూ సరిపోయాయో చూస్తాం. మొదట్లోవి, మధ్యలోవి, చివర్లోవి నాలుగైదు ఫొటోలు తెరిచి నూటికి నూరు శాతం పెద్దవి చేసి చూస్తాం. కార్డుని అలాగే ఎర్ర డబ్బాలో పడేస్తాం. పొద్దున్నే ఆర్‌సింక్ పూర్తయిందని సర్వర్‌లో చూశాక గానీ ఆ కార్డు పచ్చ డబ్బాలోకి మారదు. పచ్చ డబ్బాలో ఉన్నదే ఫార్మాట్ చెయ్యాలి. తెల్లారి ఇంకో పెళ్లి ఉంటే దానికి వేరే కార్డులు తీసుకెళ్లాలి. అందుకోసం కెమెరాకి రెండు సెట్ల కార్డులు కొన్నాం.

ప్రతి నెలా మొదటి ఆదివారం రెండో డిస్కు బ్యాకప్‌లోంచి ఏదో ఒక పెళ్లి ఎంచుకుని, మొత్తం ఫోల్డర్ నా సిస్టంలోకి తెచ్చి తెరుస్తాను. బ్యాకప్ ఫోల్డర్ బయటికి కనపడదు కాబట్టి, దానికోసం ఇంకో ఆర్‌సింక్ టాస్క్ చేసి ఉంచుకున్నాను, ఆ పెళ్లి ఫోల్డర్‌ని బ్యాకప్ నుంచి వర్క్ లోపల రీస్టోర్ అన్న ఫోల్డర్‌లోకి తెచ్చేలా. అవసరమైనప్పుడు మాత్రమే చేత్తో రన్ నొక్కుతాను. ఫోల్డర్ రాగానే నేను ముందు తెరిచి చూసేది తలంబ్రాల ఫొటోలే.